షార్ట్ సర్క్యూట్ కాదు

మా అపార్ట్‌మెంటు అసోసియేషన్ మినిట్స్ పుస్తకంలో ఆ వాక్యం రాసింది నేనే. "షార్ట్ సర్క్యూట్ కారణముగా మేడమీది రీడింగ్ రూమునందు స్వల్ప అగ్నిప్రమాదము జరిగినది." మామూలుగా నేను అలా రాయను. తప్పు చేసినప్పుడే నాకు గ్రాంథికం గుర్తొస్తుంది. 'జరిగినది' అంటే ఎవరి చెయ్యీ పడకుండా దానంతటదే జరిగినట్టుంటుంది. 'స్వల్ప' అన్న మాటా నాదే. చదివి వినిపించాను. అందరూ తలలూపి సంతకాలు పెట్టారు.

ముప్పయ్యేళ్ళకు పైగా ఇంటర్మీడియట్ పిల్లలకి ఫిజిక్స్ చెప్పాను. షార్ట్ సర్క్యూట్ అంటే ఏమిటో నాకు తెలుసు. ఆ రాత్రి మా గదిని కాల్చింది అది కాదనీ తెలుసు. నిజానికి షార్ట్ సర్క్యూట్ కూడా అయింది, కాదనను. మంట లేచి వైర్ల మీది తొడుగు కరిగిన తరవాత, ఆఖరున అయింది. ఎమ్‌సీబీ పడి కరెంటు ఆగింది అప్పుడే. మంటకి అది కొడుకు, తండ్రి కాదు. కానీ షార్ట్ సర్క్యూట్‌కి మొహం లేదు. అది మీటింగుకి రాదు, ఎదురు మాట్లాడదు. పేపర్లో ఏ అగ్నిప్రమాదం వార్త చూసినా చివర్లో దాని పేరే ఉంటుంది. ఎందుకుంటుందో ఇప్పుడు కొంచెం అర్థమవుతోంది.

మాది బెజవాడ. అయిదంతస్తుల అపార్ట్‌మెంటు. మేడ మీద వాటర్ ట్యాంకు పక్కన ఒక గది ఊరికే పడి ఉండేది. 2008లో దాన్ని రీడింగ్ రూము చేశాం. ఆలోచన మంచిదే. దాన్ని అందంగా చేద్దామన్నదీ మంచి ఆలోచనే. అప్పట్లో అందం అంటే ఫాల్స్ సీలింగ్, అందులో గుంటల్లో దాక్కున్న లైట్లు. నగల షాపులో ఉన్నట్టుండాలి అన్నారు మా కమిటీలో ఒకరు. నేను గట్టిగా అవునన్నాను. ఎనిమిది హాలోజన్ లైట్లు పెట్టించాం. ఒక్కొక్కటి 50 వాట్లు, 12 వోల్టులది. రెండేసి లైట్లకి ఒక ట్రాన్స్‌ఫార్మరు చొప్పున నాలుగు ట్రాన్స్‌ఫార్మర్ డబ్బాలు సీలింగ్ పైన, కంటికి కనపడకుండా. స్విచ్ వేసిన రోజు అందరం చప్పట్లు కొట్టాం.

"పన్నెండు వోల్టులేనండీ, ముట్టుకున్నా షాక్ కొట్టదు" అని అందరికీ చెప్పి మెప్పు పొందినవాణ్ణి నేను. అబద్ధం కాదు. కానీ సగమే చెప్పాను. 50 వాట్ల బల్బుని 230 వోల్టుల మీద వెలిగిస్తే పారే కరెంటు పావు ఆంపియరు కన్నా తక్కువ. అదే 50 వాట్లు 12 వోల్టుల మీద కావాలంటే నాలుగు ఆంపియర్లకు పైన పారాలి. వదులుగా ఉన్న ఒక జాయింటు దగ్గర పుట్టే వేడి కరెంటు వర్గాన్ని బట్టి పెరుగుతుంది. అంటే అదే జాయింటు, అంతే వదులు, కానీ వేడి మూడు వందల అరవై రెట్ల పైనే. జూల్ నియమం. ఏటా జులైలో చెప్పేవాణ్ణి. పరీక్షలో నాలుగు మార్కులకి వచ్చేది. నా పిల్లల్లో ఎవరూ లేచి "మరి మీ సీలింగ్ సంగతేంటి సార్" అని అడగలేదు, అడిగితే సంతోషించేవాణ్ణో కోప్పడేవాణ్ణో తెలీదు.

ఆ బల్బుల సంగతి ఇంకొకటి ఉంది. ముందు నుంచి చూస్తే మెరిసే చిన్న గిన్నెలా ఉంటాయి. ఆ గిన్నెకి ఒక పూత పూస్తారు. అది వెలుతురుని ముందుకి పంపుతుంది, వేడిలో సగానికి పైగా వెనక్కి వదిలేస్తుంది. షాపులో సరుకు మీద వేడి పడకుండా చేసిన ఏర్పాటది. మేం కింద కూర్చుని, "ఇంత వెలుతురున్నా ఎంత చల్లగా ఉందో చూశారా" అనుకున్నాం. ఆ వేడి ఎక్కడికి పోతోందని అడగలేదు. పైకి పోతోంది. మేం చూడని చోటికి. మనకి కనపడని చోటికి ఏది పోయినా, అది పోయినట్టే మనకి.

మేడ మీద గది కదా, రోహిణి కార్తెలో లోపల కూర్చోవడం కష్టమైంది. వచ్చేవాళ్ళంతా పెద్దవాళ్ళు. 2010 వేసవిలో సీలింగ్ పైన థర్మకోల్ షీట్లు పరిపించాం. పరిచిన కుర్రాడు లైట్ల దగ్గరకొచ్చి ఆగాడు. "ఇక్కడ వదిలెయ్యనా సార్" అని అడిగాడు. అతను ఏం చదువుకున్నాడో నాకు తెలీదు గానీ, ఆ ప్రశ్న మాత్రం అడిగాడు. "ఎక్కడా సందు వదలకు బాబూ, సందులోంచే ఎండ దిగేది" అన్నాను. ఆ మాట నాది. ఇంకెవరి మీదా పెట్టలేను. థర్మకోల్ వంద డిగ్రీల దగ్గరే మెత్తబడిపోతుంది. హాలోజన్ బల్బు గాజు రెండు వందల యాభై డిగ్రీలు దాటుతుంది. ఇళ్ళల్లో వాడే మామూలు పీవీసీ వైరు డెబ్భై డిగ్రీలకే తయారైంది. మూడు అంకెలూ నాకు విడివిడిగా తెలుసు. ఒక చోట పెట్టి చూడలేదు.

డాలస్‌లో ఉన్న మా చెల్లెలి కొడుకు ఈ సంగతి విని ఫోన్లో చెప్పాడు. వాళ్ళ ఇంటి అటకంతా చలికి దూది లాంటి పొర పరిచి ఉంటుందట. ఆ పొర తగిలినా ఫరవాలేని లైటయితే దాని మీద 'ఐసీ' అని ముద్ర ఉంటుందట. ఆ ముద్ర లేకపోతే చుట్టూ మూడు అంగుళాలు ఖాళీ వదలాలని వాళ్ళ కోడ్. "మన దగ్గర రూల్ లేదా మావయ్యా?" అన్నాడు. ఉంది. లైట్ ఫిట్టింగులకి ఐఎస్ 10322 అని భారతీయ ప్రమాణం ఉంది, అందులో సీలింగులో దూర్చే లైట్ల కోసమే ఒక భాగం ఉంది. లేనిది రూలు కాదు. షాపులో మేం అడిగింది ఒకటే ప్రశ్న, ఎంతకిస్తారని. దానికి జవాబు సరిగ్గానే వచ్చింది.

2015 జనవరిలో దేశమంతటా ఉజాలా పథకం వచ్చింది. మూడు వందలు దాటిన ఎల్ఈడీ బల్బు కొన్నేళ్ళలో డెబ్భై, ఎనభైకి దిగింది. ఇంటింటా పాత బల్బు తీసి కొత్తది పెట్టారు. అది నిజంగా గొప్ప మార్పు, నేను తక్కువ చేయను. మాకూ ఉత్సాహం వచ్చింది. రీడింగ్ రూములో ఎనిమిది హాలోజన్లు నాలుగు వందల వాట్లు తాగుతున్నాయి, కరెంటు బిల్లు చూసి ఏడుస్తున్నాం. అదే ఆకారంలో, అవే రెండు పిన్నులతో 5 వాట్ల ఎల్ఈడీ బల్బులు దొరుకుతున్నాయి. ఎనిమిదీ కొని నేనే నిచ్చెనెక్కి మార్చాను. పిన్ను పడితే బల్బు సరిపోయినట్టే అనుకున్నాను. వెలిగాయి, వెంటనే కొట్టుకోవడం మొదలెట్టాయి. పాత సినిమా హాల్లో రీలు తెగబోయే ముందు తెర ఎలా ఆడుతుందో అలా.

ఎలక్ట్రీషియన్‌ని పిలిచాం. ఆయన పైన చెయ్యి పెట్టి ట్రాన్స్‌ఫార్మరు లాగి చూపించాడు. దాని మీద 35 నుంచి 105 వాట్లు అని అచ్చేసి ఉంది. "దీనికి కనీసం ముప్పయ్యైదు వాట్ల లోడు ఉండాలి మాస్టారూ. మీరు రెండు బల్బులకీ కలిపి పది ఇచ్చారు. ఇది పనిచెయ్యదు. ఈ డబ్బాలన్నీ తీసేసి, కొత్త ఫిట్టింగులు డ్రైవర్లతో సహా వేద్దాం. పాతవీ కొత్తవీ కలపకండి." ఖర్చు కాగితం మీద రాసిచ్చాడు. మరీ పెద్ద మొత్తమేం కాదు. ఆ ఏడు వినాయక చవితికి మేం పెట్టిన ఖర్చు అంతకన్నా ఎక్కువ.

కమిటీలో పెట్టాం. "చూద్దాం లెండి" అని ముగించాం. మినిట్స్ పుస్తకంలో అదీ నా దస్తూరీలోనే ఉంది. ఈలోగా ఎవరో ఒక కిటుకు చెప్పారు. ప్రతి జంటలోనూ ఒక ఎల్ఈడీ తీసి, పాత హాలోజన్ పెట్టండి, కొట్టుకోదు. పెట్టాం. కొట్టుకోలేదు! ఎందుకు కొట్టుకోలేదో అందరికన్నా నాకే బాగా తెలుసు. యాభై వాట్ల బల్బు ఆ ట్రాన్స్‌ఫార్మరుకి కావలసిన లోడు ఇస్తోంది. ఎల్ఈడీ సుఖంగా వెలగడానికి పక్కన ఒకటి మాడుతూ ఉండాలన్నమాట. ఆ ఏర్పాటు చూసి నేను తెలివైనదనే అనుకున్నాను. బిల్లు దాదాపు సగానికి తగ్గింది. సమస్య కంటికి కనపడటం మానేసింది. కాబట్టి తీరిపోయింది.

ఆ నాలుగు పాత బల్బులు థర్మకోల్ కింద అలా ఏళ్ళ తరబడి వెలిగాయి.

గుర్తు కనపడలేదా అంటే కనపడింది. కిటికీ వైపు ఉన్న ఒక లైటు చుట్టూ పీఓపీ మీద గోధుమరంగు వలయం వచ్చింది, కాఫీ గ్లాసు పెట్టి తీసిన మరకలా. నేను చూశాను. నా పక్కన కూర్చుని పేపరు చదివేవాళ్ళూ చూశారు. అది తరవాత తెలిసింది, ఒక్కొక్కరే "నేనూ గమనించానండీ" అన్నారు. గమనించని వాడు లేడు, అన్నవాడు లేడు. చెబితే పని మన నెత్తిన పడుతుంది. కాదు, అంత పెద్ద లెక్కలేం వెయ్యలేదు. పేపర్లో పడి మరిచిపోయాం, అంతే. ఒకసారి వాసన కూడా వచ్చింది, ఫ్యానుదేమో అనుకున్నాం. సంక్రాంతికి రంగులు వేయించినప్పుడు ఆ వలయం మీద రెండు పూతలు వెయ్యమని నేనే చెప్పాను. మళ్ళీ వేసవికి అది తిరిగొచ్చింది. ఈ మాట చదువుతూ మీ హాల్లో సీలింగ్ వైపు చూసి ఉంటారు. అక్కడా ఒకటి ఉండొచ్చు.

వరండాల్లో, మెట్ల దగ్గర వేరే కథ. అక్కడ గాజు మూత బిగించిన గుండ్రటి డబ్బాల్లో మామూలు హోల్డర్లు. 9 వాట్ల ఎల్ఈడీ బల్బులు పెట్టాం. ఏడాది తిరక్కుండా పోయేవి. "చైనా సరుకు" అని తిట్టి మళ్ళీ కొనేవాళ్ళం. ఎల్ఈడీ వేడి పుట్టించదన్నది మన అపోహ. దాని వేడి ముందుకి రాదు, మెడ దగ్గర నిలుస్తుంది. ఆ మెడలోనే దాని డ్రైవరుంటుంది. అందులో ఒక కెపాసిటరు ఉంటుంది, పది డిగ్రీల వేడి పెరిగితే దాని ఆయుష్షు సగమవుతుంది. మూసేసిన డబ్బాలో వాడొద్దని చాలా బల్బుల అట్ట మీదే రాసి ఉంటుంది. మేం అట్టలు దాచింది వారంటీ కోసం, చదవడానికి కాదు. ఒకాయన వెలుతురు చాలట్లేదని తన గుమ్మం ముందు డబ్బాలో వంద వాట్ల పాత బల్బు పెట్టాడు. హోల్డరు పొడి పొడిగా రాలింది. వాట్లంటే వెలుతురు లెక్క అనుకుంటాం. డబ్బా మీద 'ఇన్ని వాట్లకు మించరాదు' అని రాసేది వేడి లెక్క.

మంట లేచిన రోజు బుధవారం. సాయంత్రం రీడింగ్ రూములో పారాయణం అయింది. తలుపు మీద "ఆఖరున వెళ్ళువారు లైట్లు ఆర్పవలెను" అని నేను రాసి అంటించిన కాగితం ఉంది. ఆఖరున వెళ్ళింది ఎవరో చెప్పాలా? తాళం వేసింది నేను. ఎవరితోనో మాట్లాడుతూ వేశాను.

రాత్రి రెండు గంటల వేళ వాచ్‌మన్ పొగ చూశాడు. ట్యాంకు పక్కనే కాబట్టి నీళ్ళకి కరువు లేదు. వాచ్‌మన్, అతని కొడుకు, అయిదో అంతస్తు కుర్రాళ్ళు బిందెలతో పోశారు, కరెంటు ఉండగానే. మెయిన్ ఆపాలంటే కింద ప్యానెల్ గది తాళం తియ్యాలి. ఆ తాళంచెవి మా ఇంట్లో మేకుకి వేలాడుతోంది, నేను కళ్ళద్దాలు వెతుక్కుంటున్నాను. లిఫ్టు దగ్గర మంటలార్పే సిలిండరు ఉంది, దాని ముల్లు ఎన్నాళ్ళ నుంచో ఎరుపులో ఉంది. దాన్ని నింపించే విషయం కూడా చూద్దామన్న వాటిలోదే. ఎవరికీ ఏమీ కాలేదు. అది మా జాగ్రత్త వల్ల కాదు.

పొద్దున్న ఎలక్ట్రీషియన్ వచ్చి, మిగిలిన సీలింగ్ ముక్క తీసి చూపించాడు. కిటికీ వైపు హాలోజన్ వెనక థర్మకోల్ ఎప్పుడో కరిగి, కుంగి, హోల్డరుకి అంటుకుపోయింది. అక్కడి వైరు తొడుగు ఎండి అప్పడంలా విరుగుతోంది. టేపు చుట్టిన జాయింటు వదులై నల్లబడింది. అదే ఎర్రగా కాలి, పక్కనున్నదాన్ని అందుకుంది. ఎమ్‌సీబీ మొదట్లోనే ఎందుకు పడలేదని ఎవరో అడిగారు. ఎందుకు పడుతుంది? నాలుగు హాలోజన్లు, నాలుగు ఎల్ఈడీలు, అన్నీ కలిపి 220 వాట్లు, ఒక ఆంపియరు కూడా లేదు. ఆరు ఆంపియర్ల ఎమ్‌సీబీకి అది చీమ నడిచినంత. దాని లెక్క ప్రకారం అంతా సవ్యంగానే ఉంది. ఆయన మమ్మల్ని ఒక్క మాట అనలేదు. "అప్పుడే చెప్పాను కదా" అని కూడా అనలేదు. అంటే బాగుండేది.

కాలిపోయినదేమిటో ఇంకా చెప్పలేదు. చెప్పడానికి చుట్టూ తిరుగుతున్నాను.

మూడో అంతస్తులో టీచరు గారున్నారు. ఎనభై దాటారు. పెళ్ళైన నాటి నుంచి వారపత్రికల్లో, మాసపత్రికల్లో వచ్చే సీరియళ్ళు ఎప్పటికప్పుడు కత్తిరించి, వరసగా పెట్టి, గోనె సూదితో కుట్టి, పాత క్యాలెండర్ అట్టలు వేసి బైండు చేసుకున్నారు. అప్పట్లో చాలా ఇళ్ళల్లో ఆడవాళ్ళు చేసిన పనే. ఆంధ్రప్రభ, ఆంధ్రపత్రిక, యువ. జ్యోతిలో వచ్చిన 'సెక్రటరీ' కూడా ఉంది. నవల కావాలంటే షాపులో ఇప్పటికీ దొరుకుతుంది. కానీ ఈ కుట్టిన పుస్తకంలో ఆ సంచిక బొమ్మ ఉంటుంది, వెనక పేజీలో తలనూనె ప్రకటన, సగం తెగిన జోకు, మార్జిన్లో పాల లెక్క. ఒక చోట, "ఈ వారం పత్రిక రాలేదు, వర్షం" అని ఆవిడ రాసుకున్నారు. అరవైకి పైగా బైండ్లు. ఇంట్లో చోటు లేక, పిల్లలు తూకానికేస్తామంటే, "మన రీడింగ్ రూములో భద్రంగా ఉంటాయి టీచరు గారూ" అని నేనే మోయించాను. కింద పెడితే చెద పడుతుందని కిటికీ వైపు బీరువా మీద, అన్నిటికన్నా పైన పెట్టించాను. సీలింగుకి జానెడు దూరంలో.

కరిగిన థర్మకోల్ మండుతూ చుక్కలు చుక్కలుగా కారుతుంది. సరిగ్గా వాటి మీద కారింది. కాలగా మిగిలినవి మా నీళ్ళకి ముద్దయ్యాయి. ఆవిడ లిఫ్టులో పైకొచ్చి, గుమ్మంలో నిలబడి చూసి, "మాస్టారూ, మీ చేతులు కాలలేదు కదా" అన్నారు. ఇంకేం అనలేదు. పదకొండు బైండ్లు ఇంటికి తీసుకెళ్ళి, పేజీ పేజీకీ మధ్య న్యూస్ పేపరు పెట్టి ఆరబెట్టారు. నాలుగింటి పేజీలే విడివడ్డాయి.

నెల తరవాత గది బాగుచేయించాం. ఈసారి నిచ్చెన పట్టుకుని నేనూ నిలబడ్డాను. అరపూట పని. ఎలక్ట్రీషియన్ ముందు మెయిన్ ఆపాడు. టెస్టర్ని నమ్మకుండా టెస్ట్ ల్యాంపు పెట్టి చూశాడు. నాలుగు ట్రాన్స్‌ఫార్మర్లూ పీకేశాడు, ఒక్కటి కూడా పైన వదల్లేదు. థర్మకోల్ మొత్తం తీయించాడు, ఎండకి మేడ మీద తెల్ల పూత వేయించుకోమన్నాడు. జాయింట్లకి టేపు లేదు, కనెక్టర్లు పెట్టి డబ్బాల్లో మూశాడు. డ్రైవర్ని లైటు నెత్తిన కాకుండా ఒక మూర దూరంలో పెట్టాడు. పచ్చ ఎర్త్ వైరు దగ్గర చాలాసేపు ఆగాడు. పాత వాటికి పన్నెండు వోల్టులే కాబట్టి ఎర్త్ ఎవరూ కలపలేదు, ఎనిమిది చోట్లా కత్తిరించి ఉంది. "అవే చట్రాలుంచి, 230 బల్బులు పెట్టేసేవాళ్ళు చాలామంది ఉన్నారు మాస్టారూ. ఇనప చట్రానికి ఎర్త్ ఉండదు. ఎప్పుడో దుమ్ము తుడిచేవాళ్ళ చేతికి తగులుతుంది" అన్నాడు. మా స్విచ్చుల్లో ఒకటి ఫేజుకి బదులు న్యూట్రల్‌ని ఆపుతోందని కూడా ఆ రోజే తెలిసింది. అంటే ఇన్నాళ్ళూ ఆ వరసలో స్విచ్ తీసినా పైన కరెంటు ఉంది. స్విచ్ తీస్తే కరెంటు ఉండదన్న నమ్మకంతోనే నేను అప్పుడు నిచ్చెనెక్కాను.

2016లో ఆయన రాసిచ్చిన కాగితం మినిట్స్ పుస్తకంలోనే దొరికింది, మడత కూడా నలగలేదు. అందులో ఇప్పుడు చేసిన పనే ఉంది.

మొన్న ఆ పుస్తకం తీశాను. షార్ట్ సర్క్యూట్ అన్న వాక్యం కింద జరిగింది జరిగినట్టు రాద్దామని పెన్ను కూడా తీశాను. చోటు లేదు. సంతకాలు పేజీ అడుగు దాకా ఉన్నాయి. మొదటిది నాది. ఆఖరిది, కొంచెం వణుకుతూ, టీచరు గారిది.